పండుగ అలంకరణ అటకెక్కే ముందు: ఏడాదంతా ఇంట్లో ఎలా వాడుకోవాలి

ధనుర్మాసం నెలంతా వాకిట్లో పెట్టిన గొబ్బెమ్మల్ని మా అమ్మమ్మ సాయంత్రానికి తీసి పిడకలు కొట్టేది. ఎండాక కొన్నింటిని దండ గుచ్చి మా చేత భోగి మంటలో వేయించేది. మిగిలినవి దాచిపెట్టి, రథసప్తమి నాడు ఆ పిడకల మీదే పాలు పొంగించి పరమాన్నం వండేది. చిక్కుడాకుల్లో పెట్టి ఇచ్చిన ఆ పరమాన్నానికి పిడకల పొగ వాసన ఉండేది. ముగ్గులో అందానికి పెట్టిన వస్తువు నెల తిరక్కుండా పొయ్యిలోకి పనికొచ్చేది. దాన్ని ఎవరూ పొదుపు అనలేదు. ఇంట్లో పని జరిగే పద్ధతే అది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో పండుగ సామాను వేరు. సీరియల్ లైట్లు, ప్లాస్టిక్ బంతిపూల దండలు, అద్దాల తోరణాలు, రంగుల ప్రమిదలు, కాగితం స్టార్లు వచ్చాయి. పండుగ అవ్వగానే ఇవన్నీ ఒక పెద్ద కవర్లో కుక్కి అటక మీదకి తోసేస్తాం. ఏడాది తర్వాత తీస్తే వైర్లు చిక్కుపడి, పూలు నలిగి, దుమ్ము పట్టి ఉంటాయి. ఇంట్లో అందరూ హడావిడిలో ఉంటారు కాబట్టి మళ్ళీ కొత్తవి కొంటాం. ఈ సామాను చెడిపోయేది వాడకం వల్ల కాదు, పదకొండు నెలలు కుక్కి ఉంచడం వల్ల. అందుకే అటక ఎక్కించే ముందే ప్రతి వస్తువుకీ ఒక పని చెప్పాలి. అది ఎలాగో మా ఇంట్లో చేసే వరుసలోనే చెప్తాను.

1. దించే రోజే మూడు కుప్పలు వేయండి

పండుగ మర్నాడో, మూడో రోజో అలంకరణ దించుతాం కదా. ఆ రోజు హాల్లో ఒక పాత దుప్పటి పరవండి. ఒక్కొక్కటే దించుతూ మూడు కుప్పలుగా వేయండి.

మొదటి కుప్ప దేవుడిది. పత్రి, అక్షింతలు, కలశం మీద కొబ్బరికాయ, పూజ చేసిన పూలు ఇందులోకి వస్తాయి. వీటిని అలంకరణతో కలపకండి. నిర్మాల్యాన్ని ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో వేస్తారు. మిగతావాటికి మీ ఇంటి ఆనవాయితీ ఏదో అదే.

రెండో కుప్పలో బాగున్నవి వేయండి. మూడో కుప్పలో విరిగినవి, చిరిగినవి, వెలగనివి. మూడో కుప్పని వెంటనే చెత్తబుట్టలో వేయకండి, అందులో కొన్నిటికి కింద పని చెప్తాను.

ఇప్పుడు రెండో కుప్పలో ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకుని ఒకే ప్రశ్న వేసుకోండి: పండుగ నాడు ఉన్న చోట కాకుండా, ఇది ఇంకెక్కడ ఉంటే బాగుంటుంది? ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఏడాదంతా వాడటం అంటే తోరణాన్ని ఏడాదంతా గుమ్మానికే ఉంచేయడం కాదు. అలా ఉంచేస్తే పది రోజులకి కంటికి ఆనదు, నెలకి దుమ్ము పడుతుంది, మళ్ళీ పండుగ వచ్చినా గుమ్మం కొత్తగా కనిపించదు. గుమ్మం తోరణం గదిలోకి రావాలి, బాల్కనీ లైట్లు మంచం దగ్గరికి రావాలి. పండుగ నాడు మళ్ళీ తమ చోటికి వెళ్తే, అప్పుడు ఇంటికి పండుగ కళ వస్తుంది.

2. సీరియల్ లైట్లు

మన ఇళ్ళల్లో ఎక్కువ డబ్బు పోసి తక్కువ వాడేది వీటినే. దీపావళికి ఐదు రోజులు, క్రిస్మస్‌కి పది రోజులు, ఎవరింట్లోనైనా పెళ్ళైతే ఇంకో వారం. అంతే.

ముందు చూసుకోవాల్సినవి చూడండి. ప్లగ్ తీసేసి, వైరుని ఒక చివర నుంచి ఇంకో చివరదాకా వేళ్ళ మధ్య జార్చండి. ఎక్కడైనా పైపొర తెగిందా, రాగి తీగ కనిపిస్తోందా, అడాప్టర్ దగ్గర వైరు మెలితిరిగి బీటలిచ్చిందా అని చూడండి. ప్లగ్ పిన్నుల దగ్గర నల్లగా మాడిన గుర్తుంటే ఆ సెట్టు మూడో కుప్పలోకే. టేపు చుట్టి వాడదామని అనుకోకండి. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు, తడి చేతులతో ముట్టుకుంటారు.

పాత రకం చిన్న ఫిలమెంటు బల్బుల సెట్టు మీ దగ్గర ఉంటే ఒక మాట. వాటిలో బల్బులన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. సీరియల్ అనే పేరు అందుకే వచ్చింది. ఒక బల్బు పోతే వరుస మొత్తం ఆరిపోతుంది. అవి వేడెక్కుతాయి కూడా. వాటిని బట్టలకీ కాగితానికీ దగ్గర పెట్టొద్దు. కింద చెప్పే పనులన్నీ ఎల్ఈడీ సెట్లకే.

కరెంటు బిల్లు గురించి టెన్షన్ వద్దు. సెట్టు అడాప్టర్ మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. అది 5 వాట్లు అనుకుందాం. రోజుకి 6 గంటలు వెలిగిస్తే 30 వాట్-అవర్లు. నెలకి 900. వెయ్యి వాట్-అవర్లు అయితేనే ఒక యూనిట్, అంటే ఇది ఒక యూనిట్ కూడా కాదు.

ఇక ఎక్కడ పెట్టాలి అంటే, మా ఇంట్లో మొదటి చోటు పడకగది నుంచి బాత్రూమ్‌కి వెళ్ళే దారి. మా అత్తయ్యగారు రాత్రి రెండుసార్లు లేస్తారు. ట్యూబ్‌లైట్ వేస్తే అందరి నిద్ర పోతుందని చీకట్లోనే గోడ పట్టుకుని నడిచేవారు. దీపావళి లైట్లలో పసుపు వెలుగు ఉన్న సెట్టు ఒకటి తీసి, గోడ అంచున నేలకి జానెడు ఎత్తులో, వైరింగ్ క్లిప్పులతో బిగించాం. కాలికి తగలకుండా ఫ్రిజ్ వెనక నుంచి ప్లగ్ ఇచ్చాం. వెలుగు నేల మీదే పడుతుంది, కళ్ళలో కొట్టదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ముందు ఈ పని చేయండి. మిగతావన్నీ తర్వాత.

రెండోది బీరువా లేదా వార్డ్‌రోబ్ లోపలి పైఅంచు. బ్యాటరీతో నడిచేదో, యూఎస్‌బీ సెట్టో అయితే చాలు. మూడోది సీసా దీపం. ఖాళీ హార్లిక్స్ సీసా కడిగి ఆరబెట్టి, సన్న రాగి తీగ లాంటి ఎల్ఈడీ సెట్టుని అందులో వదులుగా వేయండి. తీగని ఉండలా నొక్కకండి, నాలుగు వేళ్ళకి చుట్టి తీసి జారవిడిస్తే వెలుగు సీసా అంతా పరుచుకుంటుంది. యూఎస్‌బీ రకమైతే పవర్ బ్యాంకుకి తగిలించొచ్చు, కరెంటు పోయిన రాత్రి భోజనాల బల్ల మీద సరిగ్గా సరిపోతుంది.

అమెరికాలో ఉండే పిల్లలో, తమ్ముళ్ళో క్రిస్మస్ తర్వాత తగ్గింపు ధరకి అమ్మే లైట్లు సూట్‌కేసులో తెస్తుంటారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా మన ప్లగ్గులో పెడితే మాడిపోతాయి. తెచ్చేవాళ్ళకి ముందే ఫోన్ చేసి బ్యాటరీవో, యూఎస్‌బీవో తెమ్మని చెప్పండి.

చివరగా వైరు చుట్టడం. అట్టముక్కకి చుట్టమని అందరూ చెప్తారు, పనిచేస్తుంది కూడా. అంతకంటే మంచిది సంక్రాంతి తర్వాత ఖాళీ అయిన చరఖా. మాంజా చుట్టే చరఖాకి రెండు వైపులా పిడులుంటాయి. మా అబ్బాయి పట్టుకుంటే నేను వైరు వదులుతూ పోతాను. ముప్పై అడుగుల సెట్టు రెండు నిమిషాల్లో చుట్టేస్తాం, మళ్ళీ విప్పేటప్పుడు ఒక్క ముడి ఉండదు. ప్లగ్ చివర బయట ఉండేలా చుట్టండి. అప్పుడు విప్పకుండానే వెలుగుతోందో లేదో చూడొచ్చు.

3. ప్లాస్టిక్ బంతిపూల దండలు

దండని దండగానే ఉంచితే దానికి ఒక్కటే పని. విప్పితే ఎన్నో పనులు. కానీ ముందు కడగాలి.

ఒక తెల్ల గుడ్డని తడిపి ఒక పువ్వు మీద నొక్కి చూడండి. రంగు అంటితే ఆ దండని మిగతావాటితో కలపకండి. అంటకపోతే బకెట్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి అర చెంచా షాంపూ వేసి, దండల్ని పది నిమిషాలు ముంచండి. రుద్దకుండా పైకీ కిందకీ జాడించండి. మొదటి బకెట్ నీళ్ళు ఎలా వస్తాయో చూస్తే, ఇన్నాళ్ళూ గుమ్మంలో ఏం వేలాడదీశామో తెలుస్తుంది. రెండుసార్లు మంచినీళ్ళలో జాడించి, బాత్రూమ్ కుళాయికి వేలాడదీసి నీళ్ళు కారనివ్వండి. ఆరబెట్టడం నీడలోనే. ఎండలో వేస్తే నారింజ రంగు వెలిసి పాలిపోతుంది.

ఇప్పుడు దండ కింది ముడి కత్తిరించి పూలు జారనివ్వండి. మా ఐదడుగుల దండలో నలభై పూలు వచ్చాయి. పది పూలని బట్టల దుకాణంలో దొరికే ఎలాస్టిక్‌కి గుచ్చి ముడేస్తే కర్టెన్ కట్టే పట్టీ అవుతుంది. రెండు కర్టెన్లకి ఇరవై. మిగతా ఇరవై పూలని గుండ్రంగా కత్తిరించిన అట్ట అంచున సూదీదారంతో కుట్టండి. జిగురు కంటే కుట్టు నయం, మన వేసవికి జిగురు ఊడిపోతుంది. ఈ చుట్టుని అద్దం మీద పెట్టొచ్చు, నీళ్ళు పోసిన ఉరుళి చుట్టూ పెట్టొచ్చు, ఎవరికైనా చీర పెట్టేటప్పుడు పళ్ళెంలో పెట్టొచ్చు.

దీపం దగ్గర మాత్రం ఈ పూలు పెట్టకండి. ప్లాస్టిక్‌ అయినా బట్ట అయినా వత్తి అంటుకుంటే క్షణంలో మండుతుంది. దీపం చుట్టూ అసలు పూలే పెట్టండి.

4. బట్ట తోరణాలు

అద్దాలు, జరీ, ఊలు గుత్తులు ఉన్న తోరణాలు ఎక్కువగా ఎర్ర బట్ట మీద వస్తాయి. వీటిలో నేను ఒకసారి దెబ్బ తిన్నాను. కొత్త తోరణాన్ని సబ్బు నీళ్ళలో ఉతికి, పూర్తిగా ఆరకముందే హాల్లో కిటికీ పైన కట్టాను. తెల్లారేసరికి కింద గోధుమ రంగు కర్టెన్ మీద ఎర్రటి చారలు నిలువునా దిగాయి. ఎన్ని ఉతుకులు వేసినా పోలేదు. అప్పటి నుంచి వీటిని ఉతకను. బాల్కనీలో దులిపి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీసి, మరక ఉన్నచోట మాత్రమే తడిగుడ్డతో అద్ది, రోజంతా నీడలో ఆరేస్తాను.

గుమ్మానికి పండుగ నాడు కట్టే ఈ పొడవాటి పట్టీ పుస్తకాల అల్మరా పైఅరకి అంచుగా చక్కగా అమరుతుంది. రెండు వైపులా డబుల్ టేపు అంటిస్తే చాలు, మేకులు అక్కర్లేదు. వంటింట్లో వద్దు, తాలింపు జిడ్డు పడితే బట్ట మళ్ళీ మామూలు కాదు. చిరిగిన తోరణమైతే బాగున్న ముక్కలు కత్తిరించి బట్ట సంచి మీదో, దిండు గలీబు మీదో కుట్టుకోండి. ఒక్క జాగ్రత్త: వినాయకుడు, లక్ష్మీదేవి, ఓం, స్వస్తిక్ ఉన్న ముక్కల్ని కూర్చునే చోటుకీ, కాళ్ళు తగిలే చోటుకీ వాడకండి. అవి పటం కట్టించడానికి, పూజగది తలుపుకి బాగుంటాయి.

5. ప్రమిదలు

నూనె పీల్చిన మట్టి ప్రమిదని చూస్తే ఎవరికైనా పారేయాలనే అనిపిస్తుంది. ఇలా చేసి చూడండి.

ముందు లోపల మిగిలిన నూనెని పాత వత్తితోనే తుడిచేయండి. ప్రతి ప్రమిదలో చెంచాడు తవుడు గానీ, గోధుమపిండి జల్లించగా మిగిలిన పొట్టు గానీ వేసి వేళ్ళతో గట్టిగా రుద్దండి. సగం జిడ్డు దానికే పట్టుకుంటుంది. తర్వాత వెడల్పాటి గిన్నెలో బాగా వేడి నీళ్ళు పోసి, గుప్పెడు వంట సోడా, కాస్త సర్ఫ్ వేసి రాత్రంతా నానబెట్టండి. తెల్లారి కొబ్బరి పీచుతో తోమండి. ఇంట్లో కుంకుడుకాయలుంటే ఆ రసంతో ఇంకోసారి. రెండు రోజులు నిండుటెండలో ఆరబెట్టండి. మాడిన ముక్కు దగ్గర నలుపు పూర్తిగా పోదు, పోనవసరం లేదు. మట్టికి అది కూడా అందమే.

శుభ్రమైన ప్రమిదలో నేను ఎక్కువగా చేసేది మెంతికూర. ప్రమిద నిండా తడిపిన కొబ్బరి పొట్టు వేసి, రాత్రి నానబెట్టిన మెంతులు దగ్గర దగ్గరగా చల్లి, రోజూ చేత్తో నీళ్ళు చిలకరించాలి. వారం పది రోజుల్లో రెండంగుళాల మొలకలు వస్తాయి. కత్తెరతో కోసి పెరుగు పచ్చడిలో వేసుకోవచ్చు. ప్రమిద లోతు తక్కువ కాబట్టి నీళ్ళు ఎక్కువైతే కుళ్ళిపోతాయి, చిలకరించడమే. పిల్లలున్న ఇంట్లో ఒక్కొక్కళ్ళకి ఒక్కో ప్రమిద ఇవ్వండి. మా అమ్మాయి తన ప్రమిద మీద పేరు రాసుకుని, బడి నుంచి రాగానే బ్యాగ్ కూడా దించకుండా దాని దగ్గరికే వెళ్ళేది.

ఎండాకాలంలో పెద్ద ప్రమిదల్లో పిట్టలకి నీళ్ళు పెట్టండి. లోతు లేని గిన్నె కాబట్టి చిన్న పిట్టలు అంచున నిలబడి తాగగలవు. నీళ్ళు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు. వీటికి రంగులు వేయని ప్రమిదలే వాడండి. రంగులు, మెరుపులు ఉన్నవి గుండీలకి, సూదులకి, పిన్నులకి సరే. మెంతులకీ, నీళ్ళకీ వద్దు.

విరిగిన ప్రమిదలు మూడో కుప్పలో ఉన్నాయి కదా. కుండీ అడుగు చిల్లు మీద ఒక పెంకు బోర్లా పెట్టి మట్టి పోస్తే, నీళ్ళు పోతాయి, మట్టి పోదు.

6. మిగిలిన అసలు పూలు

దసరాకి తలుపులకీ, బండ్లకీ కట్టిన బంతిపూలు మూడు రోజులకే గోధుమ రంగుకి తిరుగుతాయి. ఇవి పూజలో పెట్టినవి కాదు, కాబట్టి వాడుకోవచ్చు. బాగా ముదిరిన పూలని నీడలో ఎండబెట్టి రేకులు లాగితే అడుగున నల్లటి సన్నని సూదుల్లాంటి గింజలుంటాయి. అన్నీ మొలవవు, కొన్ని మొలుస్తాయి. కుండీ మట్టి మీద చల్లి పైన పల్చగా మట్టి కప్పితే చాలు.

రేకులతో నాకు ఇష్టమైన పని రంగు వేయడం. పావుకిలో తెల్ల నూలు బట్ట తీసుకోండి. పాత పంచె, వెలిసిన కర్టెన్, చేతి తువ్వాళ్ళు ఏవైనా సరే. ముందు గంజి పోయేలా ఉతకండి. రెండు చెంచాల కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో గంటసేపు నానబెట్టి పిండండి. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు కూడా బట్టని ముందు కరక్కాయ, పాలల్లో నానబెడతారు. ఊరికే వేస్తే నూలు రంగుని సరిగా పట్టదు, కరక్కాయలోని వగరు దానికి సాయం. తర్వాత రెండు పెద్ద చెంచాల పటిక పొడి కరిగించిన వేడి నీళ్ళలో ఇంకో గంట. ఈలోపు వేరే పొయ్యి మీద అరకిలో బంతి రేకుల్ని నీళ్ళలో ముప్పావు గంట ఉడికించి వడకట్టండి. ఆ రంగు నీళ్ళలో బట్ట వేసి సన్నని సెగ మీద అరగంట తిప్పుతూ ఉండండి. దించి అందులోనే చల్లారనివ్వండి. బట్టని పైకి ఎత్తినప్పుడు పసుపు రంగు చారలుగా కాకుండా అంతటా ఒకేలా పట్టిందా చూసుకోండి. చారలుంటే ఇంకాసేపు తిప్పాలి. ఈ పనికి పెట్టిన గిన్నెని మళ్ళీ వంటకి వాడకండి, పాతది ఒకటి విడిగా పెట్టుకోండి. ఆ బట్టని చల్లటి నీళ్ళలో విడిగా ఉతికి, నీడలో ఆరేయండి.

తెలంగాణలో బతుకమ్మ పేర్చేవాళ్ళకి గునుగు పువ్వు గురించి చెప్పక్కర్లేదు. బతుకమ్మ నీళ్ళలోకి వెళ్తుంది, దాని దారి దానిదే. కానీ పేర్చగా ఇంట్లో మిగిలిపోయిన గునుగు కట్టలుంటాయి. వాటిని ఆకులు తీసేసి, కాడలు పైకి, పూలు కిందకి ఉండేలా తలుపు వెనక కట్టండి. రెండు మూడు వారాల్లో ఎండుతాయి. గునుగు ఎండినా రాలదు, ఆకారం పోదు. ఇత్తడి చెంబులో పెడితే నెలల తరబడి ఉంటుంది. తంగేడుతో ఇలా కుదరదు, రేకులన్నీ రాలిపోతాయి.

మామిడాకుల తోరణాన్ని చింపి ఎరువు కుండీలో వేయండి. ఆకు గట్టిది కాబట్టి చింపకపోతే చాలాకాలం అలాగే ఉంటుంది.

7. కొలువు బొమ్మలు

సంక్రాంతికైనా దసరాకైనా కొలువు తీసేయడం కాస్త బెంగగా ఉంటుంది. తొమ్మిది మెట్ల మీద కూర్చున్నవన్నీ ఒక ట్రంకు పెట్టెలోకి వెళ్ళిపోతాయి. అన్నీ పంపకండి. ఒక జట్టుని బయట ఉంచండి. నెలకోసారి మార్చండి. ఎడ్లబండి, రైతు, ఈతచెట్టు ఒక నెల. అంబారీ ఏనుగు ఒక నెల. దశావతారాలు ఒక నెల. టీవీ పక్కన జానెడు చోటు చాలు. పది బొమ్మలు ఒకేసారి పెడితే కొలువు అయిపోతుంది, కొలువు పండుగకే ఉండాలి.

బొమ్మ దేనితో చేసిందో తెలిసి తుడవండి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు. తేలిక, మెత్తన. అతుకులు చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వేస్తారు. నీళ్ళు తగిలితే అతుకు ఊడుతుంది, రంగు పోతుంది. పొడి బ్రష్ తప్ప ఇంకేదీ వద్దు. పాత మేకప్ బ్రష్ అయితే చేతుల సందుల్లోకి, తలపాగా మడతల్లోకి వెళ్తుంది. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్ర మీద లక్కతో చేసింది, దాన్ని మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ మెరుస్తుంది. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి పొయ్యి దగ్గరా, ఎండ నేరుగా పడే కిటికీలోనూ పెట్టకండి.

కొలువు మెట్లు చెక్కవో, ఇనుపవో అయితే వాటిని విప్పి మూల పడేయకుండా బాల్కనీలో కుండీలకి వాడండి. మూడు మెట్లు చాలు. చెప్పులకి మాత్రం వాడటానికి నాకు మనసు రాదు, మీకూ రాదనుకుంటాను.

8. పాలవెల్లి, స్టార్లు, గాలిపటాలు

పాలవెల్లిని చాలా ఇళ్ళల్లో తరతరాలుగా దాచుకుంటారు, దాన్ని మామూలు పనికి వాడటం ఇష్టం లేకపోతే పూజగది పైకప్పుకే ఉంచి చిన్న ఇత్తడి గంటలు కట్టండి. ఇబ్బంది లేదనుకునేవాళ్ళు దాన్ని గోడకి బిగించి, బట్టల క్లిప్పులతో ఫొటోలు పెట్టుకోవచ్చు.

క్రిస్మస్‌కి మేడ మీద వెలిగించిన కాగితం స్టార్, ఎండకీ మంచుకీ చెడకపోతే, చదువుకునే బల్ల పైన మంచి దీపం. 5 లేదా 7 వాట్ల ఎల్ఈడీ బల్బు మాత్రమే పెట్టండి. పాత ఫిలమెంటు బల్బు వేడికి కాగితం మాడుతుంది. చెట్టుకి కట్టిన మెరుపు బంతులు ఒక గాజు గిన్నెలో పోస్తే అదే అలంకరణ.

మిణుకుమిణుకుమనే బ్యాటరీ దీపాలుంటే దాచే ముందు బ్యాటరీలు తీసేయండి, లేకపోతే కారిపోయి లోపలి రేకు తుప్పు పడుతుంది. చిన్న బటన్ సెల్స్ పిల్లలకి అందే చోట అస్సలు ఉంచొద్దు. మింగితే ప్రాణం మీదకి వస్తుంది.

చిరిగిన గాలిపటాల వెదురు పుల్లలు మిరప నారుకి ఊతంగా పాతండి. మిగిలిన మాంజాతో మాత్రం దండలు గుచ్చడం, బాల్కనీలో కట్టడం వద్దు. గాజుపొడి వేళ్ళని కోస్తుంది, పిట్టల రెక్కల్ని కోస్తుంది. నైలాన్ మాంజానైతే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. ముక్కలుగా కత్తిరించి, కాగితంలో చుట్టి, మూతున్న డబ్బాలో వేసి పారేయండి. చెట్టు కొమ్మకి చిక్కుకున్నది కనిపిస్తే అది కూడా తీయించండి.

9. ఇక అటక

ఇంత చేశాక దాచాల్సినవి తక్కువే మిగులుతాయి. ప్లాస్టిక్ కవర్లలో కట్టేయకండి, వానాకాలం చెమ్మ లోపలే ఉండిపోతుంది. బొమ్మల్ని పాత నూలు చీర ముక్కల్లో చుట్టండి. వార్తాపత్రిక వద్దు, దాని సిరా లేత రంగులకి అంటుకుంటుంది. ట్రంకు పెట్టె అడుగున ఎండిన వేపాకు పరిచి, మూలల్లో కర్పూరం బిళ్ళలు గుడ్డలో కట్టి పెట్టండి. మందుల డబ్బాల్లో, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా ఇక్కడ వాడండి. పెట్టెని గోడకి ఆనించి పెట్టొద్దు, చెద గోడ వెంటే వస్తుంది. కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తులో ఉంచండి.

మూత లోపలివైపు ఒక కాగితం అంటించి రెండు వరుసలు రాయండి. ఒకవైపు పెట్టెలో ఉన్నవి. ఇంకోవైపు ఇంట్లో వేరే చోట పనిచేస్తున్నవి: "పసుపు లైట్లు - బాత్రూమ్ దారి", "ఎర్ర తోరణం - పుస్తకాల అర", "బంతిపూలు నలభై - కర్టెన్లు, అద్దం". ఈ రెండో వరుస లేకపోతే పండుగ నాటికి అవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయి బజారుకి వెళ్తాం.

వినాయక చవితికి పది రోజుల ముందు ఆ కాగితం తీసి చదవండి. అర అంచు నుంచి తోరణం విప్పి దులపండి. కర్టెన్ పట్టీల ఎలాస్టిక్ తీసేసి పూలని మళ్ళీ దారానికి గుచ్చండి, పిల్లలకిస్తే అరగంట పని. ఒక్క బాత్రూమ్ దారి లైట్లు మాత్రం అక్కడే ఉంచేయండి. పండుగకి ఇల్లంతా చుట్టాలుంటారు, రాత్రి లేచే పెద్దవాళ్ళు ఇంకో ఇద్దరు ఉంటారు.